పల్టన్ గిన్నె

తపాలా బిళ్ళలు పోగుచేసేవాళ్ళని అందరం చూశాం. పాత నాణేలు, అగ్గిపెట్టెల మీది బొమ్మలు, సినిమా పాటల పుస్తకాలు... ఒక్కొక్కరిది ఒక్కొక్క పిచ్చి. నాది మాత్రం కొంచెం బరువైన పిచ్చి. యుద్ధకాలంలో సిపాయిలు వాడిన సామాను ఎక్కడ కనిపించినా నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. నీళ్ళసీసాలు, అన్నం తినే రేకు గిన్నెలు, కాన్వాసు సంచులు, ఇత్తడి బకిల్సున్న నడుం పట్టీలు, తూటాల పెట్టెలు (ఖాళీవే సుమా!). హాస్టల్‌లో నా మంచం కిందికి తొంగిచూసిన మిత్రులు "ఒరేయ్, పాత సామాన్ల దుకాణం ఎప్పుడు తెరుస్తున్నావురా?" అని అడగని రోజు లేదు. వార్డెన్ గారైతే ఒకసారి తూటాల పెట్టె మూత తానే స్వయంగా తీసి చూసి, లోపల నా పెసర లడ్లు కనపడేసరికి నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆయుధం జోలికి నేను పోను. తుపాకీ ముక్కైనా, పేలని తూటా అయినా నాకు అక్కరలేదు, చట్టం కూడా ఒప్పదు. నాకు కావలసింది మనిషి ఒంటిమీద ఉన్న వస్తువు. దాని మీద ఎక్కడో ఒకచోట ఒక నంబరు గీసి ఉంటుంది, లేకుంటే పేరు. ఆ పేరుగల మనిషి ఎవరు, ఏ ఊరు, ఇంటికి తిరిగి వచ్చాడా లేదా... ఇదీ నా వెతుకులాట. అసలు పిచ్చి ఇక్కడే ఉంది, సామాను ఒక సాకు.

"మన జగిత్యాల, కోరుట్ల వైపు యుద్ధం ఎక్కడ జరిగిందయ్యా?" అని మీరు అడగవచ్చు. జరగలేదు. కాని 1939లో సుమారు 2 లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలు దాటింది. ఇంతమందికి గిన్నె, సీసా, సంచి కావాలి కదా. కాన్పూరులోని జీను కర్మాగారం, షాజహాన్‌పూరులోని దుస్తుల కర్మాగారం మొదలైనవి రాత్రింబగళ్ళు పనిచేశాయి. యుద్ధం ముగిశాక మిగిలినదంతా 'డిస్పోజల్స్' పేరిట వేలం వేశారు. అలా కొంత సామాను అంగళ్ళకు వచ్చింది. కొంత సిపాయిల భుజాల మీద ఇళ్ళకు వచ్చింది. ఇంకొంత 1948 సెప్టెంబరులో, నిజాం సైన్యం చెదిరిపోయినప్పుడు, రాత్రికి రాత్రే వదిలేసినది.

మా ఇంటి సీసా మొదటి రకం. నీలిరంగు ఎనామెల్ పూసిన ఉక్కు సీసా, చుట్టూ ఉండవలసిన ఉన్ని తొడుగు ఎప్పుడో చిరిగిపోయింది. మా ముత్తాత జగిత్యాల అంగడిలో ఒక హాలీ సిక్కా రూపాయి పెట్టి కొన్నాడట. ఆయన పల్టన్ మొహం ఎరుగడు. కాని ఆ సీసా ఆయనతో, ఆయన తర్వాత మా తాతతో, మొన్న మొన్నటి దాకా మా బాపుతో పొలం కాడికి పోయింది. వరికోతల్లో దాని మూతి అందరి నోటా పడింది. అడుగున కాకికాలు లాంటి బాణం గుర్తు, దాని కింద ఇంగ్లీషు 'ఐ' అక్షరం – అంటే భారత సర్కారు సొత్తని ముద్ర. పేరు లేదు. దాని తొలి యజమాని ఎవరని వెతకడానికి ఏ ఆధారమూ లేదు. నా సేకరణ దీనితోనే మొదలైంది కాబట్టి దీన్ని చెప్పాను గాని, నా లెక్కలో ఇది మా ముత్తాతదే.

ఇంకా ఎక్కువ దొరకాలి కదా, ఎందుకు దొరకలేదు అని నాకు మొదట్లో ఆశ్చర్యం వేసేది. ఊరూరా అడిగిన తర్వాత మూడు జవాబులు వచ్చాయి. 1948లో యూనియన్ సైన్యం వచ్చినప్పుడు, ఇంట్లో పల్టన్ సామాను కనపడితే రజాకార్లనుకుంటారో, దళం వాళ్ళనుకుంటారో అని భయపడి బావుల్లో పడేశారు. ముప్ఫయ్యేళ్ళకు, 1978లో, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినప్పుడు మిగిలినవి కూడా పోయాయి. ఆకుపచ్చ సంచి, నడుం పట్టీ, మందపాటి బూట్లు ఇంట్లో ఉండడమే నేరంలా తోచిన కాలమట అది. "మా కాక తెచ్చిన సంచి మంచిగుండె బిడ్డా, పొయ్యిల వెట్టినం" అని ఒక పెద్దాయన ఎంతో మామూలుగా చెప్పాడు. ఇవి రెండూ తప్పించుకున్నవి పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చే బండ్ల పాలయ్యాయి. మొదటి రెంటికి భయం కారణం. మూడోదానికి కూర.

ఈ మధ్య పట్నాల్లో ఇలాంటి సామానుకు మంచి ధర పలుకుతోంది. హైదరాబాదు జుమేరాత్ బజారులో ఒక వ్యాపారి నాకు చెప్పిన సంగతి ఏమిటంటే, పేరున్న గిన్నెకు పేరులేని గిన్నెకంటే రెట్టింపు ధర వస్తుందట. అందుకని కొందరు పేర్లు వాళ్ళే చెక్కుతారట! అద్దాల బీరువాలో ధర చీటీతో పెట్టుకునే ఆ అభిరుచి నాకు నచ్చదు. మణిపూర్‌లో అలాకాదు. 1944 యుద్ధం తమ పొలాల్లో, కొండల్లో జరిగింది కాబట్టి అక్కడి వాళ్ళు ఇప్పటికీ మట్టిలోంచి సీసాలు, హెల్మెట్లు తవ్వి తీస్తారు. 2019లో ఇంఫాల్ దగ్గర మైబాం లోక్పా చింగ్ కొండ కింద శాంతి మ్యూజియం కూడా తెరిచారు. అక్కడికి పోవాలని నాకు ఆశ. రైలు చార్జీల సంగతి ఇంట్లో ఇంకా ఎత్తలేదు.

సరే, అసలు కథ కోరుట్లది.

నా సహాధ్యాయి ఒకడు పండుగకు తమ ఇంటికి తీసుకుపోయాడు. కోరుట్లలో చాలా ఇళ్ళలాగే అదీ బీడీల ఇల్లు. వసారాలో నలుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకొని తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోస్తూ, దారం చుడుతూ ఉన్నారు. ఆ ఇంట్లో ప్రతి డబ్బా, ప్రతి మూత ఏదో ఒక పనిలో ఉంది. గూట్లో ఒక్క గిన్నె మాత్రం ఊరికే ఉంది. దీర్ఘచతురస్రాకారం, గుండ్రటి మూలలు, మడిచిపెట్టే తీగ పిడి. నా గుండె ఆగినంత పనైంది. సిపాయిల మెస్‌టిన్! ఇవి జంటగా వస్తాయి, ఒకదానిలో ఒకటి ఇముడుతుంది. అక్కడ ఉన్నది పెద్దది మాత్రమే.

అది మా వాడి నాయనమ్మది. ఆమెకు ఎనభై దగ్గరపడ్డాయి. ఆమె వాళ్ళ బాపుకు ఒక్కతే బిడ్డ, ఇల్లరికం తెచ్చుకున్నారు కాబట్టి బాపు సామాను ఆమె దగ్గరే ఉండిపోయింది. ఆయన బర్మా యుద్ధానికి పోయి 1946లో తిరిగి వచ్చాడు. పేరు ఇక్కడ రాయను, అచ్చులో వేయవద్దని ఇంటివాళ్ళు అన్నారు.

"అవ్వా, ఈ గిన్నె ఎందుకు వాడరు?" అన్నాను.

"అండ్ల మేం తినం కొడుకా. మా బాపు గూడ తినకపోయేటోడు. పెత్రామాస నాడు తాతల పేర్ల బియ్యమిచ్చినంక, గీ గిన్నె నిండ ఇంకో పాలు వోసి పక్కకు వెట్టేటోడు. ఎవలకే బాపూ అంటే సప్పుడు జేయకపోయేటోడు."

మిత్రులారా, మన తెలంగాణలో పెత్రామాస అంటే ఏమిటో వేరే చెప్పాలా? పోయినవాళ్ళ పేర, వాళ్ళ కడుపున పుట్టినవాళ్ళు బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చే రోజు. బయటివాళ్ళకు ఎవరూ ఇవ్వరు. మరి ఈ గిన్నెడు బియ్యం ఎవరికి?

గిన్నెను వెలుతురులోకి తెచ్చి చూశాను. అడుగున కాకికాలు గుర్తు, 1943 అని ముద్ర. పక్క గోడ మీద కత్తి మొనతో గీసిన ఒక నంబరు, దాని కింద ఉర్దూ అక్షరాలు. ఇక్కడ నా కెమిస్ట్రీ కొంచెం పనికివచ్చింది. యుద్ధం మొదట్లో ఈ గిన్నెలు అల్యూమినియంతో చేసేవారు. అల్యూమినియం విమానాలకు కావలసి వచ్చాక, ఉక్కు రేకుకు తగరం పూత పెట్టి చేశారు. ఇది అలాంటిదే. జింకు పూత మీద గీత పడితే జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. తగరం అలా చేయదు. గీత పడ్డచోట ఇనుము ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. మామూలుగా ఇది తగరం పూతకున్న లోపమని మన పాఠ్యపుస్తకంలో ఉంది. కాని ఆ లోపమే అక్షరాలను గోధుమరంగు గీతలుగా ఎనభై ఏళ్ళు నిలబెట్టింది. నంబరులో చివరి రెండు అంకెల దగ్గర మాత్రం తుప్పు మరీ ఎక్కువై రేకు చిల్లులు పడింది.

ఇలాంటివి దొరికినవాళ్ళకు ఒక మాట. దయచేసి చింతపండుతో, బూడిదతో తోమకండి. తోమితే మెరుస్తుంది గాని పేరు పోతుంది. చీకటి గదిలో టార్చిలైటును పక్కవాటుగా, దాదాపు రేకుకు ఆనించి పట్టుకుంటే ప్రతి గీత నీడ వేస్తుంది. మీద పల్చటి కాగితం వేసి పెన్సిల్ అడ్డంగా రుద్దితే అచ్చు దిగుతుంది. అలా నేను మూడు కాగితాలు తీసుకున్నాను. గిన్నె మాత్రం గూట్లోనే పెట్టి వచ్చాను. అది అడిగి తెచ్చుకునే వస్తువు కాదని నాకు అప్పటికే తెలిసిపోయింది.

ఉర్దూ నాకు రాదు. నిజాం కాలంలో సర్కారు బడి చదువు ఉర్దూలోనే కాబట్టి మా తాతల తరంలో చదువుకున్నవాళ్ళకు అందరికీ వచ్చేది. మా తరానికి అదే పెద్ద లోటు, ఇంటి పాత కాగితాలు మేమే చదవలేం. కోరుట్లలోనే ఒక పెద్ద మౌల్వీ సాబ్ దగ్గరికి కాగితాలు పట్టుకుపోయాను. ఆయన అద్దాలు తుడుచుకొని, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశాడు.

"బేటా, ఇది మల్లయ్య. లేకుంటే మలాయా."

నాకు అర్థం కాలేదు. ఆయన నేల మీద సుద్దముక్కతో రాసి చూపించాడు. మీమ్, లామ్, యే, అలిఫ్ – మల్లయ్య. మీమ్, లామ్, తర్వాత ఒక అలిఫ్, మళ్ళీ యే, అలిఫ్ – మలాయా. ఒక్క నిలువు గీత తేడా! కాగితం మీద కలంతో రాస్తే అక్షరాల కలయికలోనే తేడా తెలుస్తుందట. కత్తితో రేకు మీద గీస్తే కలయికలు ఎక్కడ? లామ్ పక్కన ఇంకో నిలువు గీత అయితే ఉంది. అది అలిఫ్ అయితే దేశం పేరు. గిన్నెకు ఎక్కడో తగిలిన గీరుకైతే మనిషి పేరు.

హాస్టల్‌కు వచ్చి నిద్రపోతే ఒట్టు. మలాయా అంటే ఒక పెద్ద కథ ఉంది మరి. 1941 డిసెంబరు 8న, అర్ధరాత్రి దాటిన కాసేపటికే, జపాను సైన్యం మలయాలో కోట బారు తీరాన దిగింది. అక్కడి విమానాశ్రయాన్ని కాపాడుతున్న దళాల్లో మన నిజాం రాజ్యపు దళం, మొదటి హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ, ఉంది. ఆ సాయంత్రానికే విమానాశ్రయం పోయింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. ఎల్లుండికల్లా ఫారర్ పార్కు మైదానంలో దాదాపు 45 వేల మంది భారత సిపాయిలను బందీలుగా కూర్చోబెట్టారు. మన ప్రాంతపు గిన్నె మీద మలాయా అని ఉందంటే, ఎవడికైనా మనసు అక్కడికే పరుగెత్తుతుంది.

కాని గిన్నె అడుగున 1943 అని ఉంది. 1941లో అది ఇంకా పుట్టనే లేదు! 1945 సెప్టెంబరులో మన సైన్యం తిరిగి మలయాలో అడుగుపెట్టింది కాబట్టి ఆ తర్వాత అయితే వీలుంది. కోట బారు కథతో మాత్రం దీనికి సంబంధం లేదు. సామాను సేకరించేవాళ్ళలో ఇదొక జబ్బు. దొరికిన ప్రతి సీసానూ ఒక పెద్ద యుద్ధానికి ముడిపెడతారు. అలాగే 'హైదరాబాద్ రెజిమెంట్' అన్న బిళ్ళ దొరకగానే "మనవాళ్ళదే" అని ఎగురుతారు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ పుట్టుక నిజాం కొలువులోదే అయినా, యుద్ధం నాటికి అందులో ఎక్కువమంది కుమావూ కొండలవాళ్ళు, అహీర్లు, జాట్లు. అందుకే 1945లో దాని పేరే కుమావూ రెజిమెంట్‌గా మార్చారు. మన తెలుగువాళ్ళు ఎక్కువగా చేరింది మద్రాసు దళాల్లో, శాపర్లలో, రోడ్లు వేసే పయనీర్లలో. తుపాకీ కంటే గడ్డపార ఎక్కువ పట్టినవాళ్ళు. చరిత్ర పుస్తకాల్లో వీళ్ళకు ఒక పేజీ దొరకడం కష్టం.

మళ్ళీ కోరుట్ల పోయాను. ఈసారి అవ్వ సందుగ తెరిచి, బట్టలో చుట్టిన ఒక పతకం తీసింది. వెండిలా ఉంటుంది గాని వెండి కాదు, రాగి నికెల్ కలిపిన లోహం. ఒకసారి కరువులో కంసాలి దగ్గరికి తీసుకుపోతే "దీనికి ఏమీ రాదు" అన్నాడట. అందుకే బతికింది. మొదటి యుద్ధం నాటి పతకాలు నిజంగా వెండివి కాబట్టి ఎన్నో కరిగి పట్టగొలుసులయ్యాయి. కూలి దళాలవాళ్ళకు మాత్రం అవే పతకాలు కంచువి ఇచ్చారు.

రెండో యుద్ధం పతకాల మీద బ్రిటిషు సిపాయిలకు పేరు వేయలేదు గాని భారత సిపాయిలకు వేశారు. అవ్వ వాళ్ళ బాపు పతకం అంచు మీద నంబరు, పేరు, పయనీర్ అని అర్థమయ్యే పొట్టి అక్షరాలు చక్కగా ఉన్నాయి. ఆ నంబరు, గిన్నె మీది నంబరు ఒకటి కాదు. మొదటి అంకె నుంచే వేరు.

అంటే గిన్నె ఆయనది కాదు!

ఈ మాట అవ్వకు ఎలా చెప్పాలో తెలియక కాసేపు తటపటాయించాను. చెప్పాను. మల్లయ్య, మలాయా సంగతి కూడా చెప్పాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"మా బాపు సదువుకోలే కొడుకా. వేలిముద్ర మనిషి. అది ఆయిన రాసింది కాదని నాకెర్కే."

తర్వాత ఒక బీడీ చుట్టడం పూర్తయ్యేంతసేపు ఊరుకొని అంది: "పెత్రామాస బియ్యం మూటగట్టుకొని రాజన్న దిక్కు నడిసి పోయేటోడు. మూడోనాడు అచ్చేటోడు. మేం దేవునికే గావచ్చు అనుకున్నం."

రాజన్న అంటే వేములవాడ రాజరాజేశ్వరుడు. అటువైపు పోయే ప్రతివాడూ "రాజన్న దగ్గరికి" అంటాడు, నిజమే. కాని రాజన్నకు మొక్కుంటే కోడెను కడతారు, బెల్లం తూస్తారు. గిన్నెడు బియ్యం మూట పట్టుకొని, జాతర లేని రోజుల్లో, ఏటేటా నడిచిపోవడం ఎందుకు? నా మనసుకు తోచింది ఇది: ఆ దారిలో ఏదో ఊరిలో ఒక ఇల్లుంది. గిన్నె ఆ ఇంటి మనిషిది. నంబరు పక్కన ఉండేది మనిషి పేరే గాని దేశం పేరు కాదని కూడా నాకనిపించింది. అయితే నేను సైన్సు విద్యార్థిని, అనిపించడం వేరు, రుజువు వేరు. మా లెక్చరర్ గారికి కాగితాలు చూపిస్తే భూతద్దంతో చాలాసేపు చూసి, "ఆ నిలువు గీత కూడా తగరం పూతను కోసిందని తుప్పు చెబుతోంది. ఎవరు కోశారో, ఎప్పుడు కోశారో తుప్పు చెప్పదు" అన్నారు.

యుద్ధంలో చనిపోయినవాళ్ళ పట్టిక కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ దగ్గర ఉంది. 1917లో పెట్టిన సంస్థ. రెండో యుద్ధంలో పోయిన అవిభక్త భారత సిపాయిలు సుమారు 87 వేల మంది వాళ్ళ పట్టికల్లో ఉన్నారు. సమాధి తెలియనివాళ్ళ పేర్లను రాతి స్తంభాల మీద చెక్కారు. ఒక్క రంగూన్ దగ్గరి తౌక్యాన్‌లోనే దాదాపు 27 వేల పేర్లున్నాయి. కంప్యూటర్‌లో పేరు కొట్టి వెతకవచ్చు. కొందరికి తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా అన్నీ రాసి ఉంటాయి, కొందరికి ఉత్త నంబరు. గుమాస్తా ఇంగ్లీషులో మన మల్లయ్యను ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ వెతికాను. దగ్గర దగ్గరగా వచ్చిన నంబర్లున్నాయి, వాటి ఎదుట ఊరు లేదు. ఊరున్న మల్లయ్యల నంబర్లు కలవలేదు. సైన్యానికి ఇంటిపేరుతో పనిలేదు, తండ్రి పేరు చాలు. మన ఊళ్ళలోనేమో ఇంటిపేరు లేకుండా మనిషిని పట్టడం సాధ్యమా? జగిత్యాల వీధిలో "గంగారాం" అని కేక వేస్తే నలుగురు తిరిగి చూస్తారు. మల్లయ్య అంటే అంతకంటే తక్కువేమీ కాదు. బెంగళూరులోని పయనీర్ దళాల కేంద్రానికి పతకం నంబరు, గిన్నె నంబరు రెండూ రాసి ఒక ఉత్తరం వేశాను.

ఈలోగా నాకు తెలిసిన దారి ఇంకొకటి ఉంది, రైతు బిడ్డలందరికీ తెలిసిందే. ఖాస్రా పహాణీ! 1954–55లో తయారైన ఆ పహాణీలో ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో ఉంటుంది. భూముల తగాదాలకు మా ఇంట్లో దాని నకలు ఎన్నిసార్లు తీశారో. పల్టన్‌కు పోయి రానివాడి భూమి పహాణీలో భార్య పేరనో, పసిపిల్లవాడి పేరనో పడి ఉంటుంది కదా అని నా ఆలోచన. దసరా సెలవుల్లో సిరిసిల్ల, వేములవాడ దిక్కు తిరగడం మొదలుపెట్టాను.

సిరిసిల్లలో ఒక సంచి దొరికింది. సాంచాల కార్ఖానాలో, కండెలు వేసుకునే సంచిగా గోడకు వేలాడుతోంది. 1941 అని మసక ముద్ర. కార్ఖానా అతను పిక్ గ్లాస్ పెట్టి పోగులు లెక్కబెట్టి "నూలుకే రంగెక్కించి తర్వాత నేసిండ్రు. గిసోంటి గట్టి నేత ఇప్పుడెవడు నేస్తడు?" అన్నాడు. బట్ట విషయంలో సిరిసిల్లవాడి మాటకు తిరుగుంటుందా? లోపలి మూతపై పేర్లుండేసరికి నాకు ఆశ పుట్టింది. చూస్తే తెలుగులో, సిరాతో, మూడు పేర్లు. పక్కన నాలుగో తరగతి, ఆరో తరగతి అని! సిపాయి పేరు లేదు. ఆ ఇంటి ముగ్గురు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు బడికి మోసిన సంచి అది. ఆ ముగ్గురిలో పెద్దాయన ఇప్పుడు భీవండిలో ఉన్నాడు. ఫోన్ చేసి చెబితే "నా సంచి ఇంకా ఉన్నదా!" అని ఎంత సంబరపడ్డాడో. దాన్ని కూడా నేను తెచ్చుకోలేదు. ఇలా అయితే నా మంచం కింద ఇంకేం చేరుతుందని మా మిత్రుల బెంగ.

పహాణీలు తిరగేయడం సులువు కాదు. మల్లయ్యలు మల్లయ్యలుగా వచ్చారు. పైగా వేములవాడ చుట్టుపక్కల ఊళ్ళు కొన్ని ఇప్పుడు ఊళ్ళుగా లేవు. మధ్యమానేరు ప్రాజెక్టు నిండినప్పుడు అనుపురం, రుద్రవరం, కొదురుపాక వంటివి నీళ్ళ కిందికి పోయాయి. మనుషులు కొత్త కాలనీలకు చేరారు. పాత ఊరిలో ఎవరి గడప పక్కన ఎవరి గడప ఉండేదో, ఆ వరుస మాత్రం కాలనీలో లేదు. మాట పట్టుకొని ఇల్లిల్లూ తిరిగేవాడికి అదే పెద్ద దెబ్బ.

అట్లా ఒక కాలనీలో చెట్టు కింద కూర్చున్న ముసలివాళ్ళను అడుగుతుంటే ఒకాయన, "మా పాతూర్ల పల్టనోళ్ళ ఇల్లని ఉండె" అన్నాడు.

"ఎవరు పోయారు తాతా, పల్టన్‌కు?"

"ఎవలో ఎర్క లేదు. మేం పుట్టకముందు సంగతి. గా ఇంట్ల పల్టనోడైతే నేనెన్నడు సూడలే. పేరు గట్లనే వడ్డది."

"ఆ ఇంటికి పెత్రామాసప్పుడు ఎవరైనా వచ్చేవారా, బియ్యం తీసుకొని?"

ఆయన నన్ను కొంచెం వింతగా చూశాడు. పక్కనున్న ఆయన మాత్రం "కోరుట్లాయిన" అన్నాడు. అంతే. ఆయన పేరేమిటో, ఎందుకు వచ్చేవాడో వాళ్ళకు తెలియదు. చిన్నప్పుడు ఆయన వస్తే పిల్లలకు బెల్లం ముక్కలు పెట్టేవాడని మాత్రం గుర్తుంది.

ఆ ఇంటివాళ్ళు నీళ్ళు రాకముందే, చాలా ఏళ్ళ కింద, బతుకుదెరువుకు షోలాపూర్ పోయారు. వాళ్ళ ఇంటిపేరు చెప్పారు, తండ్రి పేరు చెప్పారు, ఒక మేనల్లుడి ఫోన్ నంబరు సంపాదించి ఇచ్చారు. ఇంటిపేరు పట్టుకొని పహాణీ చూస్తే రెండెకరాల చిల్లర భూమి ఒక స్త్రీ పేరన ఉంది.

ఇదంతా కోరుట్ల పోయి చెప్పాను. అవ్వ గిన్నెను గూట్లోంచి తీసి, కొంగుతో తుడవబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

"వాళ్ళు దొరికితే గిన్నె ఇచ్చెయ్యాల్నా కొడుకా?"

"అది మీ ఇష్టం అవ్వా" అన్నాను.

"ఆళ్ళదైతే ఆళ్ళకే ఇద్దాం. పెత్రామాస దాక ఆగమను. ఈ ఏడు బియ్యం వోసి ఇస్త."

మేనల్లుడు ఫోన్ ఎత్తాడు. షోలాపూర్‌లో వాళ్ళ మేనమామ ఇల్లు సాంచాల గల్లీలో ఉందట, ఆయనకు వినపడదు కాబట్టి మనిషే రావాలన్నాడు. బెంగళూరు నుంచి ఉత్తరం ఇంకా రాలేదు. పరీక్షలు ఏప్రిల్‌లో అయిపోతాయి. మా కోరుట్ల మిత్రుడు, నేను కలిసి పోతాం. పెన్సిల్‌తో తీసిన అచ్చు కాగితాలు మూడింటిలో ఒకటి వాళ్ళకోసం విడిగా పెట్టాను.